బొటనవేలితో ఓనమాలు

ఆఖరి మెట్టు అయిపోయిందనుకున్నాను. ఇంకొకటి ఉంది. చేతిలో రెండు పాల ప్యాకెట్లు, చంకలో పేపరు. కుడిపాదం లోపలికి మడతపడి, ఒంటి బరువంతా దాని మీద పడింది. లోపలెక్కడో చిక్కుడుకాయ తుంచినట్టు చిన్న చప్పుడు. పాల ప్యాకెట్లకు మాత్రం ఏమీ కాలేదు. వాటిని పట్టుకున్నంత శ్రద్ధగా రెయిలింగ్ పట్టుకుని ఉంటే సరిపోయేదని మావారు తీర్పు చెప్పారు.

అరగంటలో చీలమండ బయటివైపు కోడిగుడ్డంత లేచింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ వైద్యులే. "నరం మీద నరం ఎక్కిందమ్మా" అంది కింది ఫ్లాటు మామ్మగారు. చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వెయ్యమంది. నూనె రాసి ఒక్క లాగు లాగితే సర్దుకుంటుందని ఇస్త్రీ అతను ముందుకొచ్చాడు, నేను కాలు వెనక్కి తీసుకున్నాను. మా అత్తగారిది చిత్తూరు వైపు. ఆవిడకి ఒంట్లో ఏ కీలు కదిలినా పుత్తూరు కట్టే. గుడ్డుసొన, ఆకుపసరు, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టుకి ఎముకలు విరిగినవాళ్లలో ఉన్న పేరు చిన్నది కాదు. కాని నా ఎముక విరిగిందో లేదో ముందు తెలియాలి కదా.

ఆ సంగతి డాక్టరు చేతి వేళ్లతోనే తేల్చేశారు. చీలమండకి రెండు వైపులా ఉన్న ఎముకల వెనక అంచుని కిందినుంచి ఆరు సెంటీమీటర్ల మేర నొక్కి చూశారు. పాదం లోపలి పక్క ఒకచోట, బయటి అంచున చిటికెనవేలి ఎముక మొదలయ్యే చోట నొక్కారు. "ఎముక మీద నొప్పా, పక్కన మెత్తటి చోట నొప్పా?" పక్కనే. "ఇప్పుడు నాలుగడుగులు వెయ్యండి." వేశాను, కళ్లలో నీళ్లతో. "ఎక్స్‌రే అక్కర్లేదు." 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు వెలువరించిన పద్ధతట ఇది, ఇప్పుడు లోకమంతా వాడుతోంది. నాకు మాత్రం కొంచెం చిన్నతనంగానే అనిపించింది. ఫిల్మ్ కవరు చేతిలో లేకుండా ఇంటికెళితే దెబ్బ తగిలిందంటే ఎవరు నమ్ముతారు?

ఈ కాలు బెణకడం ఇది మొదటిసారి కాదు. పాతికేళ్ల కిందట హాస్టల్లో ఉండగా మొదటిసారి బెణికింది. అప్పుడు క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని మూడు వారాలు మంచం దిగలేదు. నొప్పి పోయింది, వాపు తీసింది, కాబట్టి నయమైందనుకున్నాను. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మళ్లీ మడతపడేది. సినిమాహాలు మెట్ల మీద, పెళ్లి పందిట్లో గులకరాళ్ల మీద, ఒకసారైతే అద్దంలా ఉన్న ఆసుపత్రి వరండాలో. "నా కాలు ఇంతే" అనుకుని జాతకంలో ఒక గ్రహాన్ని ఒప్పుకున్నట్టు ఒప్పేసుకున్నాను. మడమ ఎత్తు చెప్పులు మానేశాను, ఎక్కడికెళ్లినా నేల చూస్తూ నడవడం అలవాటైంది.

మన భాషలో ఈ 'నరం' అనే మాటకి చాలా పెద్ద సంసారం ఉంది. రక్తనాళం నరమే, మెదడుకి కబురు మోసే తీగ నరమే, కండరాన్ని ఎముకకి కట్టే తాడు నరమే, ఎముకని ఎముకకి కట్టే లిగమెంటూ నరమే. నాకు తెగింది లిగమెంట్. చీలమండ బయటివైపు మూడుంటాయి. వాటిలో ముందువైపున్నది బక్కది, పాదం లోపలికి మడతపడితే మొదట దెబ్బతినేది చాలామట్టుకు అదే. లోపలివైపు కట్టు దళసరిది, అంత తేలిగ్గా తెగదు. కాబట్టి మామ్మగారు చెప్పింది తప్పని నవ్వుకున్నాను. నవ్వుకోనవసరం లేదని తర్వాత తెలిసింది.

1965లో ఫ్రీమన్ అనే బ్రిటిష్ ఎముకల సర్జన్, చీలమండ బెణికినవాళ్లలో కొందరికి కాలు ఎందుకు పదేపదే తప్పుతుందో పట్టించుకున్నాడు. లిగమెంట్ ఒట్టి తాడు కాదు, పాదం ఏ కోణంలో ఉందో కబురు పంపే నరాల కొసలు అందులో ఉంటాయి, తాడుతో పాటు అవీ తెగుతాయి అన్నది ఆయన ఊహ. కబురు అందకపోతే, పాదం మడతపడబోయేటప్పుడు దాన్ని బయటికి లాగాల్సిన కండరాలు తమకేం పట్టనట్టు కూర్చుంటాయి. అలాంటివాళ్లని ఊగే చెక్క మీద నిలబెట్టి సాధన చేయిస్తే కాలు తప్పడం తగ్గింది. ఆయన ఊహ మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి, చెక్క మాత్రం నిలిచింది. మొత్తానికి మామ్మగారి నరం అందులో ఉండనే ఉంది.

ఫిజియోథెరపిస్టు ఒక పాతికేళ్ల అమ్మాయి. (నన్ను ఆంటీ అంటుంది. అలవాటు పడ్డాను.) నాలుగో రోజు వెళ్లి, "ఐసు ఇంకా ఎన్నాళ్లు పెట్టాలి?" అని అడిగాను. నొప్పికి కాసేపు పెట్టుకుంటే తప్పులేదు గాని, వాపు పోయేదాకా కదలకుండా కూర్చోవడం ఇప్పుడు ఎవరూ చెప్పరంది. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగింటిని కలిపి 1978లో సూత్రంగా రాసిన అమెరికన్ డాక్టర్ మిర్కిన్ కూడా తర్వాత తర్వాత మాట మార్చుకుని, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చన్నాడు.

"గాల్లో బొటనవేలితో ఏబీసీడీలు రాయండి ఆంటీ, రోజుకి మూడుసార్లు" అంది. ఇంటికొచ్చి మంచం మీద కాలు చాపి మొదలుపెట్టాను. ఐ, ఎల్, టి, హెచ్ అన్నీ నిలువు గీతలు, అడ్డగీతలే. వడ్రంగి పనిలా ఉంది. అ, ఆ మొదలుపెట్టేసరికి చీలమండకి పని తగిలింది. మన అక్షరంలో తిన్నగా పోయే గీత ఎక్కడుంది? ఇ దగ్గర పాదం పైకీ కిందికీ తిరిగింది, ఋ దగ్గర ఎదురు తిరిగింది, ౠ పూర్తయ్యేసరికి పిక్క పట్టేసింది. వాపు తీసి, వంగపండు రంగు కమిలింపు పసుపులోకి దిగేనాటికి గుణింతాలకొచ్చాను. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి తన తర్వాతి పేషెంటుకి వెంటనే బోధించింది.

బలం తేవడం వేరే పని. పాత సైకిల్ ట్యూబుని మంచం కోడుకి కట్టి, పాదాన్ని బయటివైపుకి లాగడం. పదిహేను చొప్పున మూడు విడతలు. చూడ్డానికి ఏమీ లేదు, కాని కాలి బయటి పక్కన మోకాలి కిందనుంచి దిగే కండరం ఒకటుందని ఇన్నేళ్లలో మొదటిసారి తెలిసింది. తర్వాత మడమలెత్తడం. ముందు రెండు కాళ్ల మీద, ఆనక ఒంటికాలి మీద. పాతిక చెయ్యాలంది. ఎడమకాలు చేసింది. కుడికాలు ఆరు దగ్గర ఆగింది. పక్కపక్కనే బతుకుతున్న రెండు కాళ్ల మధ్య ఇంత తేడా ఉందని, పాతికేళ్లుగా ఎడమది దాని వంతు కూడా మోస్తోందని ఆ ఆరు చెప్పింది.

ముందుకి వంగడం ఇంకో లెక్క. పాదం నేలకానించి, మడమ లేవకుండా, మోకాలు గోడకి తగిలించాలి. నాకు బొటనవేలికీ గోడకీ మధ్య నాలుగువేళ్ల సందు కూడా రాలేదు. గొంతుక్కూర్చోబోతే కుడి మడమ లేచిపోయేది. ఎనభై దాటినా పెరట్లో గొంతుక్కూర్చుని గిన్నెలు తోమిన మా నాయనమ్మకి ఈ పరీక్ష ఎవరూ పెట్టలేదు. కమోడూ కుర్చీలూ వచ్చాక మన చీలమండలకి ఆ వంపు అవసరం తగ్గిపోయింది, అవసరం లేనిదాన్ని ఒళ్లు దాచిపెట్టుకోదు.

నెల దాటాక నొప్పి పూర్తిగా పోయింది. ఇక వెళ్లనక్కర్లేదు కదా అన్నాను.

"నొప్పి సంగతి కాదాంటీ. కుడికాలి మీద కళ్లు మూసుకుని ఎంతసేపు నిలబడగలరు?"

కళ్లు తెరిచి ముప్ఫై సెకన్లు తేలిగ్గా నిలబడ్డాను. కళ్లు మూశాను. ఒకటి, రెండు, మూడు, గోడ. కంటిని నమ్ముకుని నిలబడుతున్న కాలది, తనంతట తాను ఎక్కడుందో దానికి తెలియదు. నేల చూస్తూ నడవడం ఎందుకు అలవాటైందో అప్పుడర్థమైంది. హాస్టల్లో మంచం దిగిన రోజు ఈ ఒక్క ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

అప్పట్నుంచి పళ్లు తోముకుంటున్నంతసేపూ ఒంటికాలే. వారం తర్వాత దిండు మీద. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి జతికి తగ్గట్టు కదిలే నర్తకిని చిన్నప్పట్నుంచీ చూశాను, ఒక్కసారి కూడా చీలమండ వైపు చూడలేదు. కళ్లూ హస్తాలూ చూసేవాళ్లం. ఇప్పుడు ఎక్కడ నాట్యం జరిగినా నా చూపు గజ్జెల కిందే ఉంటోంది. పట్టుతప్పకుండా ఎడమకీ కుడికీ సన్నగా సర్దుకుంటూనే ఉంటుంది ఆ కీలు, మొహంలో ఆ జాడే ఉండదు.

మూడో నెలలో గెంతమంది. ముందుకి, పక్కకి, ఒంటికాలి మీద. క్లినిక్‌లో టేపు అంటించి గడులు గీసింది. అవి చూడగానే నాకు నవ్వొచ్చింది. సాయంత్రం మా డాబా మీద సుద్దముక్కతో ఎనిమిది గడులు గీసి, పూలకుండీ పెంకు ఒకటి వెతికి విసిరాను. తొక్కుడుబిళ్ల ఆడి నలభై ఏళ్లవుతోంది. బట్టలు తీసుకెళ్లడానికి వచ్చిన వాచ్‌మన్ కూతురు గోడకానుకుని చూస్తోంది. ఒకటి, రెండు, మూడు గడులు కుడికాలితోనే దాటాను. నాలుగో గడిలో దిగేటప్పుడు పాదం ఊగింది, మడతపడబోయి తనే సర్దుకుంది. నేనేం చెయ్యలేదు.

"గీత తొక్కారాంటీ. అవుటు."

పెంకు ఆ పిల్ల చేతికిచ్చి, కుడికాలి మీదే కుంటుతూ పిట్టగోడ దాకా వెళ్లి కూర్చున్నాను.