తెలుగు మాట ఎక్కడ తెగాలి?

రాసిన పాఠ్యాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడం ప్రోగ్రామింగులో తొలి పాఠాలలో ఒకటి. అలా వచ్చిన ముక్కను టోకెను అంటారు. వెతకడం, లెక్కించడం, అనువదించడం అన్నీ ఆ తర్వాతి పనులే. ముక్కలు తప్పుగా తెగితే వాటిమీద కట్టినదంతా తప్పవుతుంది. అయినా ఈ పనిని సాధారణంగా రెండు సూత్రాలతో తేల్చేస్తారు: ఖాళీ ఉన్నచోట కోయాలి, లేదా అక్షరం కానిది వచ్చినచోట కోయాలి. ఇంగ్లీషుకు చాలావరకు సరిపోయే ఈ సూత్రాలు తెలుగుకు ఎందుకు చాలవో పరిశీలించవలసి ఉంది.

ముందు రెండవ సూత్రం. పైథాన్‌తో పాటు వచ్చే 'ఆర్ఈ' లైబ్రరీలో మాటలను ఏరడానికి 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యు' అనే గుర్తు వాడతారు. దానికి 'తెలుగు' అన్న మాట ఇస్తే త, ల, గ అనే మూడు ముక్కలు వస్తాయి. ఎత్వమూ రెండు కొమ్ములూ రాలిపోతాయి. యూనికోడ్‌లో హల్లులది 'అక్షరం' అనే వర్గం. గుణింతపు గుర్తులదీ పొల్లుదీ 'చిహ్నం' అనే వేరొక వర్గం. ఆ లైబ్రరీ రెండవ వర్గాన్ని మాటలో చేర్చదు. దోషం యూనికోడ్‌ది కాదు. చిహ్నాలను కూడా మాటలో చేర్చమనే దాని మార్గదర్శకం చెబుతోంది. 2019లో వచ్చిన జీపీటీ-2లోనూ పాఠ్యాన్ని ముందుగా కోసే సూత్రం గుణింతపు గుర్తులను విరామచిహ్నాల సరసన కూర్చోబెట్టింది.

అలాగని యూనికోడ్ నిర్దోషి కాదు. 'స్త్రీ' ఛందస్సులో ఒకే గురువు. కంప్యూటరులో అది 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. చదువరికి ఒక్కటిగా కనిపించే అక్షరాన్ని గుర్తించే నియమం కూడా దాన్ని స్, త్, రీ అని మూడుగా కోసేది. 2023లో వచ్చిన 15.1వ కూర్పులో గాని ఆ నియమం మారలేదు.

ఇక ఖాళీల సంగతి. తెలుగులో రెండు పదాల నడుమ ఖాళీ ఉండాలన్న నిర్బంధం లేదు, సంధి కలిపేస్తుంది. పైగా కొన్ని సంధులు వైకల్పికాలు: ఏమంటివి, ఏమియంటివి రెండూ సాధువులే. ఒక ఆరోగ్య సర్వేలో రోగులు తెలుగులో చెప్పిన జవాబులు ఉన్నాయనుకుందాం. వాటిలో 'జ్వరం' అనే టోకెను కోసం వెతికితే 'జ్వరమొచ్చింది' దొరకదు. పదం లోపలికి వెళ్ళి వెతికినా దొరకదు; అక్కడ సున్న మకారమైంది. జ్వరపీడితుల సంఖ్య తగ్గిపోతుంది, ఆ తగ్గుదల ఎవరి కంటా పడదు. వైద్యంలో ఇది చిన్న లోపం కాదు.

గణాంకాలే ఇదంతా చక్కదిద్దుతాయన్న వాదం ఒకటి ఉంది. తరచుగా పక్కపక్కన వచ్చే ముక్కలను అతికించుకుంటూ పోయే పద్ధతి 1994లో దత్తాంశాలను కుదించడానికి పుట్టి, 2016లో యంత్రానువాదంలోకి వచ్చింది. అది ఉపయోగకరమే. కాని అతుకులు శిక్షణకు వాడిన పాఠ్యంపై ఆధారపడతాయి. తెలుగు తక్కువగా ఉన్నచోట అతుకులూ తక్కువే, అందువల్ల ముక్కలు ఎక్కువ. టోకెన్ల లెక్కన రుసుము వసూలు చేసే సేవలలో ఆ భారం తెలుగు రాసేవారిమీదే పడుతుంది. పైగా తరచుదనానికి వ్యాకరణం తెలియదు. అతుకు పదం సరిహద్దునే పడుతుందన్న హామీ లేదు.

కాబట్టి వరుస మారాలి: ముందు అక్షరం, తర్వాత సంధి విభజన, ఆపైన గణాంకం. సంధి నియమాలను బాలవ్యాకరణం ఏనాడో క్రోడీకరించింది. నేటి వాడుకకు తగినట్టు వాటిని విస్తరించడం మన పని. అంతవరకు, ఏ కొత్త పనిముట్టు చేతికొచ్చినా 'తెలుగు', 'స్త్రీ', 'జ్వరమొచ్చింది' అనే మూడు మాటలతో పరీక్షించి చూడవచ్చు. అది తెలుగును ఏమనుకుంటున్నదో అక్కడే తెలిసిపోతుంది.