సన్నసెగ మీద కరిగే కొవ్వు

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయించే దుకాణాలు చాలావాటిలో ఇప్పటికీ మూకుట్లో కాగేది నూనె కాదు, గొడ్డు కొవ్వు. అక్కడివాళ్లు దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌కి పిండి జారు పోసేదీ పొగలు కక్కే ఈ కొవ్వులోనే. నూనెలో వేగినదానికి ఆ కరకర, ఆ కమ్మదనం రావని వాళ్ల మాట. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

ఇంట్లో కాచుకోవాలంటే మూత్రపిండాల చుట్టూ పేరుకున్న కొవ్వు తెచ్చుకోవాలి. గట్టిగా, పెళుసుగా, తెల్లగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడే కోయాలి. వేడెక్కితే చేతిలో జారిపోతుంది. అంటుకున్న మాంసం, నెత్తురు చారలు తీసేయాలి. అవి మాడి వాసన పట్టిస్తాయి, నిల్వనీ చెడగొడతాయి. తర్వాత కైమాలా సన్నగా తరగాలి. ముక్క ఎంత చిన్నదైతే కొవ్వు అంత తక్కువ వేడికే వదులుతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టాలి. అసలు పనితనం ఇక్కడే ఉంది. కొవ్వులో తడి ఉన్నంతసేపూ చిటపటలాడుతూ బుడగలు వస్తాయి, వేడి 100 డిగ్రీలు దాటి పెద్దగా పెరగదు. బుడగలు తగ్గాయంటే తడి ఆరిపోయింది. ఇక వేడి చరచరా ఎక్కుతుంది. వెన్న కాచి నెయ్యి చేసేవారికి ఈ చప్పుడు మారడం బాగా తెలుసు. ముక్కలు లేత బంగారు రంగుకి రాగానే దించి, గుడ్డలో వడకట్టాలి. తొందరపడి మంట పెంచితే కొవ్వు గోధుమరంగుకి తిరిగి మాడు కంపు కొడుతుంది. ఆ కంపు ఇక పోదు.

వాసన అసలు వద్దనుకుంటే, ముక్కలు మునిగేలా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కాచే పద్ధతి మేలు. వడకట్టి చల్లార్చితే నీళ్లమీద తెల్లని బిళ్లలా గడ్డకడుతుంది. అడుగున అంటిన మడ్డి గీకేసి, తడి పూర్తిగా ఇంకిపోయేదాకా మళ్లీ ఒకసారి కరిగించాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. పొయ్యిమీద కాగుతున్నప్పుడు మాత్రం దగ్గరే ఉండాలి. కొవ్వుకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లకూడదు, పొయ్యి ఆర్పి మూత పెట్టాలి.

ఒకప్పుడు ఈ కొవ్వే రాత్రి వెలుగు కూడా. 1709 నుంచి 1831 దాకా ఇంగ్లండ్‌లో కొవ్వొత్తుల మీద పన్ను ఉండేది. అది కట్టుకోలేని పేదలు రెల్లులాంటి గడ్డికాడల పైపొర ఒలిచి, ఎండబెట్టి, కరిగిన కొవ్వులో ముంచి వెలిగించుకునేవారు. ఒక పశువు దేహంలో ఏదీ వృథా కాకూడదన్న ఆ జాగ్రత్త నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

ఈ కొవ్వు సర్వరోగనివారిణి అనేవాళ్ల మాట మాత్రం నమ్మొద్దు. ఇందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. గది వేడిలో గడ్డకట్టడానికీ, చాలా నూనెలకన్నా ఎక్కువకాలం నిలవడానికీ కారణం అదే. గుండెజబ్బు ఉన్నవారు డాక్టర్ని అడిగి వాడుకోవాలి.

మన దగ్గర దొరికేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. ఆ కొవ్వునీ ఇలాగే కాచుకోవచ్చు. దుకాణంలో చిల్లర ముక్కలు కాకుండా మూత్రపిండాల దగ్గరి కొవ్వే అడిగి తీసుకోండి.