ఎర్తు తీగెతో ఆగిపోయిన పాఠం

ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో గృహ విద్యుత్ వలయాలను గురించిన పాఠం క్లుప్తమైనది, సుబోధకమైనది. ఇంటికి వచ్చే తీగెలలో ఏది ఏ పని చేస్తుందో, 15 అంపియర్ల వలయం దేనికో, 5 అంపియర్ల వలయం దేనికో అందులో చక్కగా చెప్పారు. ప్రవాహం మితిమీరితే ఫ్యూజు కరుగుతుందనీ, లోహపు పెట్టెగల పరికరాలను ఎర్తు తీగెతో భూమికి కలిపితే తీవ్రమైన షాకు తప్పుతుందనీ వివరించారు. అయితే పాఠం అక్కడే ఆగిపోయింది. కావున ఈ రెండూ ఉన్న ఇంటికి భయం లేదనే అభిప్రాయం విద్యార్థి మనస్సులో నిలిచిపోతుంది. ఇది ప్రమాదకరమైన అభిప్రాయం.

కడప జిల్లా సింహాద్రిపురం వంటి చోట దీనిని పరీక్షించి చూడవచ్చు. చీనీతోటలు, బోరుబావులు గల ప్రాంతమది. ఇంటిలో చోటు చాలక పాత ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం కారు షెడ్డులో పెట్టారనుకుందాం. కారు కడిగిన నీటితో నేల తడిసి ఉంటుంది. మనుషులు వట్టి కాళ్ళతో తిరుగుతారు. ఎలుకలు తీగెలు కొరుకుతాయి. బయట మాత్రం వేసవిలో నేల ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంతలో నీరు పోసేవారు లేకపోతే దాని నిరోధం పెరుగుతుంది.

ఆ గుంత నిరోధం 38 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు నిరోధం 2 ఓములు అనుకుందాం. ఫ్రిజ్‌లో లైవు తీగె తొడుగు చెడి పెట్టెకు తగిలితే, 220 వోల్టులను 40తో భాగించగా వచ్చే ప్రవాహం 5.5 అంపియర్లు. 15 అంపియర్ల ఫ్యూజు కరగదు. ఎం.సి.బి. ఉన్నా ఫలితమిదే. పెట్టెమీద మాత్రం 5.5ను 38తో గుణించగా 209 వోల్టులు నిలిచి ఉంటాయి! తడికాళ్ళతో దానిని ముట్టినవారి శరీర నిరోధం 1,000 ఓములైతే, సుమారు 200 మిల్లీ అంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పడానికి అది చాలు.

ఇట్టి ఆపదకు విరుగుడు ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. లైవు, న్యూట్రల్ తీగెలు రెండూ అందులోని ఒక ఇనుప వలయం గుండా పోతాయి. వెళ్ళిన ప్రవాహం, తిరిగివచ్చిన ప్రవాహం సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. కొంత ప్రవాహం భూమిలోకి కారితే సమత్వం చెడి, వలయానికి చుట్టిన తీగెచుట్టలో విద్యుత్తు ప్రేరితమై స్విచ్చిని తెంచుతుంది. ఇండ్లలో వాడే స్విచ్చికి 30 మిల్లీ అంపియర్ల తేడా చాలు. అమెరికా విద్యుత్ నియమావళి 1978లోనే గారేజీ ప్లగ్గులకు ఇట్టి రక్షణను విధించింది.

విచారించదగిన విషయం మరొకటి ఉన్నది. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో ఇదే అధ్యాయంనుంచి విద్యుదయస్కాంత ప్రేరణను తొలగించారు. ఈ స్విచ్చి పనిచేసేది ఆ సూత్రంమీదనే. ప్రాణరక్షణకు ఉపకరించే సూత్రం భారమెట్లా అవుతుంది?

ఆర్.సి.సి.బి. సర్వరోగనివారిణి కాదు. లైవును, న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకున్నవానిని అది కాపాడలేదు. ఫ్యూజు, ఎర్తు దానితోపాటు ఉండవలసినవే. దానిమీది పరీక్షా బొత్తామును నెలకొకసారి నొక్కి చూడాలి. పుస్తకం సవరించే వరకు ఉపాధ్యాయులు పైలెక్కను నల్లబల్లమీద వేయించి, ఇంటి స్విచ్చిబోర్డులో ఈ పరికరం ఉన్నదో లేదో చూసి రమ్మని విద్యార్థులకు చెప్పడం మేలు.