దిగుమతికి తూము, ఎగుమతికి గండి
స్క్విడ్ ప్రాక్సీలోని వేగనియంత్రణపై విమర్శ

ఒకే ఇంటర్నెట్ లైనును పలువురు వాడుకొను పాఠశాలలలోను, కార్యాలయములలోను ప్రాక్సీ సర్వరును మధ్యన నిలుపుట పరిపాటి. ప్రాక్సీ అనగా ప్రతినిధి. వాడుకరి కోరిన పుటను అది తానే వెలుపలినుండి తెచ్చి, ఒక ప్రతిని నిలువయుంచుకొని, మరొకరు అదే కోరినప్పుడు ఆ నిలువనుండి అందించును. ఈ పనికై 1996లో వెలువడిన స్క్విడ్ అను ప్రోగ్రాము ఉచితముగా లభించుటచే ప్రపంచమంతట వ్యాపించినది.

వేగమును పంచుటకు స్క్విడ్‌లో 'డిలే పూల్స్' అను ఏర్పాటు గలదు. ప్రతి వాడుకరికిని ఒక తొట్టి యున్నట్లు ఊహింపుడు. అందులోనికి ఒకే ధార ఎడతెగక పడుచుండును. వాడుకరికి బైట్లు వచ్చినకొలది తొట్టి తరుగును. ఖాళీ అయినచో ధారకొరకు వేచియుండవలెను. తొట్టిలో 64 కిలోబైట్లు పట్టుననియు, ధార సెకనుకు 8 కిలోబైట్లనియు అనుకొనుడు. తొట్టి నిండియున్నవానికి 40 కిలోబైట్ల పుట తటాలున వచ్చును. 6,400 కిలోబైట్ల ఫైలు కోరినవానికి మొదటి 64 మాత్రమే అట్లు వచ్చి, మిగిలిన 6,336కు 792 సెకనులు, అనగా 13 నిమిషములకు పైగా పట్టును. చదువుకొనువానికి ఇబ్బంది లేదు, మూటలు మోయువానికి మాత్రమే కట్టడి. నిలువనుండి ఇచ్చినదానిని లెక్కింపకుండుట మరియు ఉచితముగా నున్నది. వెలుపలి లైను వాడనిదే సుంకమేల?

ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఈ తొట్లన్నియు వెలుపలి సర్వరునుండి లోనికి వచ్చు బైట్లనే కొలుచును. వాడుకరి బయటకు పంపు బైట్లకు తొట్టి లేదు, ధార లేదు. 'వేగనియంత్రణ' యని నమ్మి దీనిని నెలకొల్పిన నిర్వాహకుడు ఒక తలుపునకు తాళము వేసి రెండవది తెరచియుంచినవాడగును.

ఈ లోపము చిన్నది కాదు. టెలిఫోను తీగపై నడచు ఏడీఎస్ఎల్ పద్ధతిలో, 1999 నాటి ప్రమాణము ననుసరించి, దిగుమతి వేగము సెకనుకు 8 మెగాబిట్ల వరకును, ఎగుమతి వేగము సుమారు 1 మెగాబిట్ వరకును ఉండును. ఇరుకైన దారికే కావలివాడు లేడన్నమాట! ఒక విద్యార్థి 45 మెగాబైట్ల వీడియో పంపినచో అది 360 మెగాబిట్లు. ఆ లైనును 6 నిమిషములు పూర్తిగా ఆక్రమించును. అప్పుడు దిగుమతులు సైతము మందగించును. వచ్చిన ప్రతి భాగమునకును 'అందినది' యను చిన్న రసీదు ఎదుటివానికి పోవలెను గదా. ఆ రసీదులు వీడియో వెనుక వరుసలో నిలిచిపోవును. మోడెములో 256 కిలోబైట్ల వరుస పేరుకొన్నచో ఒక్కొక్క రసీదునకు 2 సెకనుల ఆలస్యము. మార్కుల పట్టిక తెరువబోయిన ఉపాధ్యాయుడు, తన తొట్టి నిండుగా నున్నను, తెల్లని తెర చూచుచు కూర్చుండును.

3.2వ కూర్పులో 'క్లయింట్ డిలే పూల్స్' చేర్చబడినవి. పేరు వినగానే విరుగుడు దొరికినదని తోచును. కాని అవి ప్రాక్సీనుండి వాడుకరికి పోవు బైట్లను, నిలువలోనివానితో సహా, కొలుచునే గాని వాడుకరి పంపువానిని కావు. ఈ పేరు పెట్టుట పొరపాటనియే చెప్పవలెను. పంపదగిన దాని పరిమాణమునకు హద్దు విధించు మరొక అమరిక యున్నది. దానిని ప్రత్యామ్నాయముగా చూపుట సరికాదు. అది నెమ్మదిగా పొమ్మనదు, అసలు పోవద్దనును. 10 మెగాబైట్ల హద్దు పెట్టినచో 9 మెగాబైట్లవి పది పంపువానిని ఆపలేదు, 11 మెగాబైట్ల పాఠమును ఒక్కసారి పంపదలచిన ఉపాధ్యాయుని మాత్రము ఆపివేయును.

ఇక స్క్విడ్‌ను విడిచి, వెలుపలి లైను వద్దనే కట్టడి చేయరాదా? చేయవచ్చును, కాని అక్కడ ఒక చిక్కు. ప్రాక్సీ వాడుకరి సంబంధమును తనవద్దనే ముగించి, బయటకు తన పేరుతో వేరొక సంబంధము పెట్టుకొనును. కనుక సాధారణముగా బయటకు పోవు పాకెట్లన్నిటిపైనను ప్రాక్సీ చిరునామాయే యుండును. ఎవడు పంపినదో అక్కడ తెలియదు. మొత్తము వేగమునకు హద్దు పెట్టి, వరుస పెరుగకుండ చూడవచ్చును. 2018లో ప్రయోగాత్మక పత్రముగా వెలువడిన ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి ఈ పనిని చక్కగా చేయును. కాని అది పంచునది సంబంధముల మధ్యనే గాని మనుష్యుల మధ్య కాదు. పది సంబంధములు తెరచినవానికి పది పాళ్లు దక్కును.

వాడుకరుల వారీగా కొలువవలసిన తావు ప్రాక్సీకి లోపలివైపు. పాకెట్టు ఇంకను పంపినవాని చిరునామాతోనే యుండగా అక్కడ తొట్టి పెట్టవలెను. హద్దు మీరిన పాకెట్లను ఆలస్యము చేసినను, విడిచిపెట్టినను, పంపు యంత్రము తనంతట తానే వేగము తగ్గించుకొనును. విడిచినవి మరల పంపబడినను ఆ భారము లోపలి తీగపైననే గాని వెలుపలి లైనుపై పడదు. హెచ్‌టీటీపీఎస్ వచ్చిన పిదప స్క్విడ్ సాధారణముగా లోపలి విషయమును చూడలేని సొరంగముగా మారినను, ఈ కొలతకు అడ్డులేదు. ఇది చూచునది చిరునామాను, బరువును మాత్రమే. దీనికై స్క్విడ్ అమరికలలో ఒక్క పంక్తియు మార్చనక్కరలేదు. దానిని నడపు యంత్రము లినక్స్‌ది అయినచో కావలసిన పనిముట్లు అందులోనే యున్నవి.