వినడం దగ్గరే తప్పిపోతున్నాం

శిక్షణలో మాకు నేర్పిన వరుస శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం. బడికి వచ్చాక ఆ వరుసను మేమే తిరగేశాం. ఒకటో తరగతి పిల్లకు మొదటి రోజే పలక ఇచ్చి ‘అ’ దిద్దిస్తాం. వినడం అంటే నోటి మీద వేలేసుకుని కూర్చోవడం. మాట్లాడడం అంటే మేము చెప్పింది అందరూ కలిసి అరవడం.

ఫలితం కోయ గూడేల బడుల్లో పనిచేసే మాకు తెలియంది కాదు. మూడో తరగతి పిల్లవాడు బోర్డు మీది పాఠాన్ని ముత్యాల్లా ఎక్కించుకుంటాడు. అందులో ఒక మాట మీద వేలుపెట్టి ఇదేమిటని అడిగితే నోరు విప్పడు. ఇంకొకడు గడగడా చదువుతాడు. మనం పేజీ తిప్పేసినా అదే పాఠం సాగుతుంది. నోట్సులు నిండుగా ఉంటాయి కాబట్టి తనిఖీకి వచ్చినవారు సంతోషిస్తారు. మేమూ చాలా ఏళ్ళు సంతోషించాం.

పిల్లల చెవిని తప్పుపట్టడం అన్యాయం. మన కోయలో ఏరు అంటే నీళ్ళు, లోను అంటే ఇల్లు. తెలుగు వాచకంలో ఏరు అంటే పారే వాగు, లోన అంటే లోపల. ‘ఏరు ఎండిపోయింది’ అని మేము చదివితే, బిందెలో నీళ్ళయిపోయాయని ఒక పాప చెప్పింది. తప్పన్నాం. ఆ పాప సరిగ్గానే విన్నది, తన భాషలో విన్నది. ‘మరి వాగును మనమేమంటాం?’ అని అప్పుడే కోయలో అడిగి ఉంటే రెండు మాటలూ ఆమెకు దక్కేవి. అడగలేదు. కోయ రాక కాదు, తరగతిలో కోయ మాట్లాడితే పెద్దసారు ఏమంటారోనని.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. మంచి పని. అయితే ఆ కోయ వాచకాన్నీ మేము దిద్దించి, వల్లె వేయించే చెప్పాం. పుస్తకంలో భాష మారింది, మా పద్ధతి మారలేదు.

ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వ్యాసరచన పోటీ పెడతాం. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాసిన మనిషి. ఆ సంగతి మన పిల్లలకు ఎంతమందిమి చెప్పాం?

ఈమధ్య కొందరం ఒక పని మొదలుపెట్టాం. గూడెంలోని ఒక అవ్వను పిలిచి కోయలో కథ చెప్పిస్తున్నాం. పిల్లలు మర్నాడు దాన్ని తిరిగి చెబుతారు, అవ్వ మరిచిపోయినవి కూడా కలిపి. వాళ్ళ నోట వచ్చిన మాటల్లో నాలుగింటిని బోర్డు మీద రాస్తాం. వాటిని దిద్దించే పని ఉండడం లేదు, వాళ్ళే వచ్చి తడిమి చూసి చదువుతున్నారు. తెలుగు మాట ఆ పక్కనే రాస్తాం.

టైంటేబుల్లో దీనికి గడి లేదు. డ్రాయింగు పీరియడ్‌లో కానిస్తున్నాం.