శాన్‌ఫ్రాన్సిస్కో అగ్నిమాపక స్మారకాలు – శ్రమ, స్త్రీ చిత్రణ: ఒక పరిశీలన

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తొలినాటి అగ్నిమాపకుల స్మారకం ఏదని అడిగితే చాలామంది టెలిగ్రాఫ్ హిల్ మీది కోయిట్ టవర్‌ను చూపిస్తారు. 210 అడుగుల ఆ కాంక్రీటు స్తంభం నీటిగొట్టపు నాజిల్ ఆకారంలో ఉందనీ, మంటలు ఆర్పినవారి గౌరవార్థమే అలా కట్టారనీ ఒక నమ్మకం స్థిరపడింది. ఆర్థర్ బ్రౌన్ జూనియర్, హెన్రీ హోవర్డ్‌లు రూపొందించిన ఈ కట్టడం 1933లో పూర్తయింది. నాజిల్‌ను అనుకరించే ఉద్దేశం లేదని వాస్తుశిల్పుల పక్షం చెప్పినా జనశ్రుతి మారలేదు. లోపలి గోడలపై 1934లో ప్రభుత్వ కళాపథకం కింద వేసిన కుడ్యచిత్రాలకు కూడా ప్రధాన వస్తువు కాలిఫోర్నియా వ్యవసాయం, పరిశ్రమలు, నగరజీవితమే. అగ్నిమాపకుల అసలు స్మారకం కొండ దిగువన, వాషింగ్టన్ స్క్వేర్‌లో ఉంది. హేగ్ పటీజియన్ మలచిన ఆ కంచు శిల్పం కూడా 1933 నాటిదే.

రెండింటికీ మూలం ఒకే వీలునామా. 1929లో మరణించిన లిల్లీ హిచ్‌కాక్ కోయిట్ తన ఆస్తిలో మూడోవంతును నగరానికి రాసి, దాన్ని నగర సౌందర్యం కోసం వినియోగించాలని కోరింది. ఆమెకు అగ్నిమాపకులతో ఉన్న అనుబంధం తెలియనిదే ఆ శిల్పంలోని వైరుధ్యం బోధపడదు.

1849 డిసెంబరు 24 నాటి అగ్నిప్రమాదం మొదలుకొని 1851 వరకు ఆ నగరం ఆరుసార్లు భారీగా తగలబడింది. బంగారం వేటలో వచ్చిపడిన జనం కర్రలతో, గుడారపు గుడ్డలతో కట్టుకున్న ఊరది. 1866లో జీతపు దళం ఏర్పడేదాకా మంటలార్పే భారం స్వచ్ఛంద దళాలదే. చేతిపంపు యంత్రాన్ని మనుషులే తాళ్లు కట్టి లాగేవారు. మంటల దగ్గర యంత్రానికి ఇరువైపులా వరుసగా నిలిచి, పంపు కాడలను లయ తప్పకుండా ఎత్తుతూ దించుతూ నీరు చిమ్మేవారు. తేరు లాగడం చూసినవారికి ఆ శ్రమ స్వభావం వేరుగా చెప్పనక్కరలేదు: ఒక్కడి బలంతో కదిలేది కాదు. ముందుగా ఎవరు చేరాలన్న దానిపై దళాల మధ్య తీవ్రమైన పోటీ కూడా ఉండేది.

చేతులు చాలక కొండ ఎక్కలేకపోతున్న నికర్‌బాకర్ 5వ నంబరు దళపు యంత్రాన్ని చూసి, బడిపిల్ల అయిన లిల్లీ తాడు అందుకొని, చూస్తూ నిలబడినవారిని కేకవేసి లాగించిందని ప్రసిద్ధమైన కథ. ఇందులో అతిశయం పాలు ఎంతైనా కావచ్చు. 1863లో ఆ దళం ఆమెను గౌరవ సభ్యురాలిగా స్వీకరించిన మాట మాత్రం చారిత్రకం. 5 అనే అంకెను ఆమె తన దుస్తులపై కుట్టించుకొనేది.

పటీజియన్ శిల్పంలో ముగ్గురు అగ్నిమాపకులున్నారు. వారిలో ఒకరి చేతుల్లో కాపాడబడిన స్త్రీ ఉంది. తాడు పట్టినందుకు పేరొందిన స్త్రీ ధనంతో వెలసిన స్మారకంలో స్త్రీకి దక్కిన స్థానం ఇది. శిల్పి స్మరించినది దళాలను గాని దాతను కాదనే సమాధానం ఉంది. అది కొంతవరకు న్యాయమే. అయితే దళాల చిత్రణగా చూసినా లోటు తీరదు. వారు లాగిన యంత్రానికి ఇందులో చోటు లేదు. పదులమంది కలిసి చేసిన పని, ముగ్గురి సాహసంగా కుదించుకుపోయింది. రక్షణ దృశ్యం చూపరికి తక్షణం అర్థమవుతుంది, నిజమే. కాని ఏ కాలపు ఏ నగరపు అగ్నిమాపకులకైనా అది సరిపోతుంది. స్వచ్ఛంద దళాల యుగానికే చెందిన విశిష్టత అందులో కనిపించదు.

సమష్టి శ్రమ కంచులో ఒదగదనే వాదం ఈ నగరంలో నిలవదు. మార్కెట్ వీధిలో డగ్లస్ టిల్డెన్ మలచిన ‘మెకానిక్స్ మాన్యుమెంట్’ 1901 నుంచి ఉంది. లోహపు పలకకు రంధ్రం వేసే యంత్రపు కాడపై దేహభారమంతా మోపి వేలాడుతున్న శ్రామికులు అందులో కనిపిస్తారు. పంపు కాడల వద్ద నిలిచిన స్వచ్ఛంద దళాన్ని చిత్రించడానికి ఇంతకంటె దగ్గరి నమూనా అక్కరలేదు. అది మూడు దశాబ్దాలుగా కళ్లెదుటే ఉన్నా 1933 శిల్పం ఆ దారి తొక్కలేదు.

ఈ నేపథ్యంలో కోయిట్ టవర్ గురించిన జనశ్రుతిని కేవలం అజ్ఞానమని తోసిపుచ్చడం తగదు. వాస్తుశిల్పులు ఉద్దేశించని ఆ స్తంభంలో జనం వెతికి చూసుకున్నది వీరుణ్ణి కాదు, పనిముట్టును.