నోరా బిడ్డలు

ఇబ్సెను మహాశయుడు 1879లో రచించిన 'బొమ్మల యిల్లు' నాటకాంతమున నోరా తలుపు మూసికొని వెడలిపోవును; ముగ్గురు బిడ్డలు లోపలనే యుందురు. కన్నబిడ్డలను విడుచు తల్లివేషము తాను ధరింపనని జర్మనీ నటీమణి యొకతె పట్టుబట్టగా, 1880లో ఆయన మరియొక ముగింపు వ్రాసెను. అందు నోరా బిడ్డల గది వాకిట కూలబడి, గృహముననే నిలిచిపోవును. అది నాటకముపై జరిగిన యనాగరిక దౌర్జన్యమని ఆయనయే నిందించెను.

విమర్శకులు తొలి ముగింపునే మెచ్చిరి, నేనును మెచ్చుదును. కాని బిడ్డలను వెంటగొనిపోవు మూడవ ముగింపు ఏ ప్రతిలోను లేదు. నోరాను భర్త కొట్టలేదు సుడీ! దెబ్బలు తిని, చంకబిడ్డతో నడురేయి గడపదాటు స్త్రీకి ఈ మూడవ ముగింపే కావలెను. దానికి ఇల్లు కావలెను.

మన దేశమున 2005 నాటి గృహహింస చట్టము శరణాలయములను పేర్కొన్నది. 2015లో ఆరంభమైన సఖి కేంద్రములలో నాటి నియమావళి ప్రకారము ఆశ్రయము 5 దినములే. 8 ఏండ్లు దాటిన కుమారునకు నాడు అచ్చట తావు లేకుండెను. ఆరవనాడు ఆమె యెచ్చటికి పోవును? పని దొరకుటకు, బిడ్డను బడిలో చేర్చుటకు, ఇంటియజమాని యడుగు అడ్వాన్సు కూడబెట్టుటకు నెలలు పట్టును. ఈలోపల పాత గుమ్మమే త్రొక్కినచో లోకము ఆమెకు ధైర్యము చాలలేదనును. దీర్ఘకాల శరణాలయములును కలవు. అచ్చట ఆమె ఆశ్రితురాలు గాని అద్దెదారు కాదు. ఆమెకు వలసినది ఏడాది రెండేండ్లపాటు కూలికి తగిన అద్దెకు ఒక గదియు, ఒక పొయ్యియు, తన చేతి తాళపుచెవియు.